ముందు గడ్డ ఉడకాలి.. ఆ తర్వాతే బెల్లం
శివరాత్రి ఒక్కపొద్దుకు కందగడ్డల పాకం చేసే విధానం

ఇబ్రహీంపట్నం: మహాశివరాత్రి దగ్గర పడిందంటే సాగర్ రహదారి వెంబడి తోపుడు బండ్లపై ఎర్రటి కందగడ్డలు కుప్పలుగా దర్శనమిస్తాయి. పగలంతా ఉపవాసం ఉండి సాయంత్రం శివాలయానికి వెళ్లి వచ్చాక కందగడ్డతో ఒక్కపొద్దు విడవడం తెలంగాణ పల్లెల్లో తరతరాలుగా వస్తున్న ఆచారం. కొందరు ఉడికించిన గడ్డను అలాగే తింటారు. పండుగ ప్రత్యేకత కనిపించాలనుకునే ఇళ్లలో మాత్రం బెల్లం పాకం పట్టించి, నెయ్యి, యాలకుల పొడితో చేస్తారు. చూడటానికి తేలికగా కనిపించే ఈ వంటకం ఏటా ఎన్నో ఇళ్లలో చెడిపోతూనే ఉంటుంది. పాకం నల్లబడుతుంది, ముక్క నడుమ మాత్రం పచ్చిగా గట్టిగా ఉండిపోతుంది. పొద్దుటి నుంచి పచ్చి గంగ ముట్టని ముసలివారికి ఆ పూటకు అదే ఆహారం. పళ్లు లేని వారు ఆ గట్టి ముక్కను నమలలేక పక్కన పెడితే ఆ రాత్రి పస్తే. ఈ పొరపాటుకు కారణం గడ్డ కాదు, బెల్లమూ కాదు. ఏది ముందు, ఏది వెనుక అన్న వరుస తప్పడమే అసలు కారణం.

ఒకే గడ్డ.. ఎన్నో పేర్లు
మన ప్రాంతంలో కందగడ్డగా పిలిచే ఈ దుంపకు తెలంగాణలోనే గెనుసుగడ్డ, మోరంగడ్డ, రత్నపురిగడ్డ అనే పేర్లు కూడా ఉన్నాయి. కోస్తా జిల్లాల్లో చిలగడదుంప అంటారు. అక్కడ కంద అంటే పులుసులోకి, వేపుడుకు వాడే దురద దుంప. అందుకే కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వారు దుకాణంలో కందగడ్డ అడిగితే ఏది ఇస్తారోనని తికమక పడుతుంటారు. హిందీలో దీనిని శకర్‌కంద్ అంటారు. శకర్ అంటే చక్కెర, కంద్ అంటే దుంప. పేరులోనే తీపి ఉందన్నమాట.

శివుని పూజతో ఇంతగా పెనవేసుకున్న ఈ గడ్డ పుట్టిల్లు మాత్రం మన దేశం కాదు. మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతాలు దీని జన్మస్థానం. పోర్చుగీసు వర్తకుల ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి చేరిందని చరిత్రకారులు భావిస్తున్నారు. 1550 నుంచి 1580 వరకు గోల్కొండను పాలించిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా పేరు మీదుగా వెలసిన మన పట్నానికి, ఈ గడ్డ రాకకు ఇంచుమించు ఒకే వయసు అనుకోవచ్చు. చెరువుల్లో పెరిగే తూటికూర కూడా ఈ తీగ కుటుంబానిదే. కందగడ్డ ఆకులను కూడా కూరగా వండుకోవచ్చు.

బుగ్గ జాతర నుంచి శివరాత్రికి
కందగడ్డ పంట కాలం రకాన్ని బట్టి మూడున్నర నుంచి నాలుగు నెలలు. విత్తనం ఉండదు, తీగ ముక్కలనే బోదెలపై నాటుతారు. నీరు నిలవని ఎర్ర చెల్క నేలలు దీనికి అనుకూలం. మంచాల మండలం ఆరుట్లలోని బుగ్గ రామలింగేశ్వర స్వామి జాతర కార్తీక పౌర్ణమికి మొదలవుతుంది. ఆ రోజు నుంచి మాఘ బహుళ చతుర్దశి నాడు వచ్చే శివరాత్రికి లెక్కిస్తే, నడుమ అధిక మాసం రాని ఏడాది సుమారు 103 రోజులు. జాతరకు కొద్ది రోజుల ముందు తీగ నాటితే పండుగకు గడ్డ చేతికి వస్తుంది. ఉపవాసానికి ఈ గడ్డే ఎందుకు అలవాటయిందో ఈ లెక్క కొంతవరకు చెబుతుంది. పండుగ నాటికి పొలంలో సిద్ధంగా ఉండే, కడుపు నింపే ఆహారం ఇది.

ఇప్పుడు ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఎన్నో చెల్కలు ఇళ్ల స్థలాల వెంచర్లుగా మారాయి. ఇంటి పొలంలో తవ్వుకొచ్చిన గడ్డ స్థానంలో బండి మీద కొన్న గడ్డ వచ్చింది. అది ఎప్పుడు తవ్వినదో, ఎలా నిల్వ చేసినదో కొనేవారికి తెలియదు. కాబట్టి ఎంపికలో కొంత జాగ్రత్త అవసరం.

కొనేటప్పుడు గమనించాల్సినవి
పొడవు ఎంత ఉన్నా పరవాలేదు కానీ, లావులో ఇంచుమించు సమానంగా ఉన్న గడ్డలను ఏరుకోవాలి. లావు తేడా ఉంటే ఒక ముక్క చితికిపోయే సరికి మరో ముక్క పచ్చిగానే ఉంటుంది. తోలు ముడతలు పడకుండా, చేతికి గట్టిగా తగలాలి.

చిన్న చిన్న రంధ్రాలు ఉన్న గడ్డను చవకగా ఇచ్చినా తీసుకోరాదు. అది ముక్కు పురుగు చేసిన పని. పురుగు తొలిచినప్పుడు గడ్డ తనను కాపాడుకోవడానికి చేదు పదార్థాలను తయారు చేసుకుంటుంది. అవి మనిషికి మంచివి కావు. ఎంత ఉడికించినా, ఎంత బెల్లం పోసినా ఆ చేదు పోదు. ఒక్క చేదు ముక్క పాకం మొత్తాన్ని పాడుచేస్తుంది. ఇలాంటి గడ్డలను, బూజు పట్టిన వాటిని పశువులకు వేయడం మరింత ప్రమాదకరం. బూజు పట్టిన కందగడ్డలు తిన్న పశువులకు ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. వాటిని గుంత తీసి పూడ్చడమే మేలు. మొలక వచ్చిన గడ్డ విషయంలో మాత్రం భయం అక్కర్లేదు. ఆలుగడ్డ మొలకలో ఉండే విషం ఇందులో ఉండదు. మొలక తీసేసి వాడుకోవచ్చు.

పండుగకు నాలుగైదు రోజుల ముందే కొని, కడగకుండా గాలి తగిలే నీడలో పరచి ఉంచితే మంచిది. నిల్వలో గడ్డలోని పిండి కొంత చక్కెరగా మారుతుంది. పచ్చి గడ్డలను ఫ్రిజ్‌లో పెట్టకూడదు. చలికి లోపలి భాగం బిరుసెక్కి, తర్వాత ఎంత ఉడికించినా మెత్తబడదు.

తీపి గడ్డలోనే ఉంది
నిప్పుల్లో కుమ్మిన కందగడ్డ ఎందుకంత తియ్యగా ఉంటుంది, కుక్కర్‌లో ఉడికించినది ఎందుకు చప్పగా ఉంటుంది అన్న సందేహం చాలామందికి వస్తుంది. గడ్డలో పిండి పదార్థంతో పాటు బీటా అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. వేడి సుమారు 60 నుంచి 75 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నంతసేపు ఈ ఎంజైము పిండిని మాల్టోజ్ అనే చక్కెరగా మారుస్తుంది. వేడి అంతకు మించితే క్రమంగా దాని పని ఆగిపోతుంది. నిప్పుల్లో, బూడిదలో గడ్డ నెమ్మదిగా వేడెక్కుతుంది కనుక చక్కెర తయారవడానికి సమయం దొరుకుతుంది. కుక్కర్‌లో ఆ దశ కొద్ది నిమిషాల్లోనే దాటిపోతుంది. అంటే సన్నని మంటపై ఓపికగా ఉడికిస్తే బెల్లం తక్కువ వేసినా సరిపోతుంది.

బెల్లం ముందు వేస్తే ఏమవుతుంది?
గడ్డ మెత్తబడటమంటే దాని కణాలను అతికి ఉంచే జిగురు పదార్థం వేడి నీటిలో కరగడమే. చక్కెర ఎక్కువగా ఉన్న నీరు గడ్డలోకి చొరబడదు సరికదా, గడ్డలోని నీటినే బయటకు లాగుతుంది. బెల్లంలో ఉండే సున్నపు అంశం కూడా ఆ జిగురును బిగిస్తుంది. అందుకే పచ్చి ముక్కలు, బెల్లం, నీళ్లు ఒకేసారి పొయ్యి మీద పెడితే ముక్క బిగుసుకుపోతుంది. అది ఉడుకుతుందేమోనని మంట పెంచితే పాకం మాడుతుంది. చింతపండు పులుసు ముందే పోస్తే ముక్కలు ఆలస్యంగా ఉడుకుతాయని మన పెద్దలకు తెలిసినదే. బెల్లం విషయంలోనూ అదే సూత్రం.

కావలసినవి
ఆరుగురికి కందగడ్డలు కిలో, బెల్లం 150 గ్రాములు, నెయ్యి రెండు పెద్ద చెంచాలు, యాలకులు నాలుగు, చిటికెడు ఉప్పు. ఉపవాసంలో ఉప్పు మానేవారు దానిని వదిలేయవచ్చు.

తయారీ విధానం
గడ్డలను పది నిమిషాలు నీటిలో నానబెట్టి, కొబ్బరి పీచుతో మట్టి పోయేలా రుద్ది కడగాలి. తోలు తీయకుండా అంగుళం మందం చక్రాలుగా కోయాలి. కోసినప్పుడు పాలు కారి ముక్క నల్లబడుతుంది కనుక వెంటనే నీటిలో వేయాలి.

వెడల్పాటి గిన్నెలో ముక్కలు మునిగేలా చల్లని నీరు పోసి సన్నని మంటపై పెట్టాలి. గిన్నె అడుగున చిన్న బుడగలు కనిపించి, పైన ఆవిరి లేస్తుండగా, నీరు మసలకుండా పావుగంట అలాగే ఉంచాలి. మంట ఎక్కువనిపిస్తే కాసేపు దించి మళ్లీ పెట్టవచ్చు. గడ్డ తన తీపిని తాను తయారు చేసుకునే సమయం ఇదే. ఇలా నెమ్మదిగా వేడెక్కిన ముక్క తర్వాత పాకంలో విరిగిపోకుండా నిలుస్తుంది కూడా. ఆ తర్వాత మంట పెంచి పది నిమిషాలు ఉడికించాలి. చీపురు పుల్ల గుచ్చితే నడుమ దాకా సులువుగా దిగాలి, ముక్క మాత్రం చితకకూడదు. నీటిని వంపి అరగ్లాసు విడిగా ఉంచుకోవాలి. గడ్డ తీపి కొంత ఆ నీటిలోకి దిగి ఉంటుంది, పారబోయడం దండగ. ముక్కలు గోరువెచ్చగా ఉన్నప్పుడు తోలు దానంతటదే ఊడి వస్తుంది.

అదే గిన్నెలో తురిమిన బెల్లం, దాచిన అరగ్లాసు నీరు వేసి కరిగించాలి. బెల్లంలో ఇసుక, చెరకు పిప్పి ఉంటాయి కనుక తప్పనిసరిగా వడగట్టాలి. వడగట్టిన బెల్లం నీటిని మళ్లీ పొయ్యిపై పెట్టి, రెండు వేళ్ల మధ్య లేత తీగ సాగే వరకు కాచాలి. ముదురు పాకం వద్దు. ఇప్పుడు ముక్కలను ఒకే వరుసగా పరచి, నడిమి మంటపై ఎనిమిది నుంచి పది నిమిషాలు ఉంచాలి. గరిటెతో కలిపితే ముక్కలు చితుకుతాయి. చెంచాతో పాకాన్ని ముక్కలపై పోస్తూ, మధ్యలో ఒకసారి తిరగవేస్తే చాలు. గరిటెతో అడుగున గీస్తే గీత ఒక క్షణం నిలిచి మూసుకోవాలి. అప్పుడే దించాలి. చల్లారాక పాకం మరింత చిక్కబడుతుంది కనుక ఇంకాసేపు అనుకునే లోపే దించడం మంచిది. దించిన తర్వాత నెయ్యి, యాలకుల పొడి వేసి గిన్నెను అటూ ఇటూ కదిపితే ముక్కలన్నీ నిగనిగలాడతాయి.

పొరపాటు జరిగితే
పాకం గట్టిపడితే రెండు చెంచాల వేడి నీరు చల్లి సన్నని మంటపై కదిపితే తిరిగి వదులవుతుంది. పాకంలో వేశాక ముక్క ఉడకలేదని తెలిస్తే పాకంలోనే ఉడికించడానికి ప్రయత్నించరాదు. ముక్కలను బయటకు తీసి, ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద మెత్తబడే వరకు ఉంచి, మళ్లీ పాకంలో వేయాలి. పాకం మాడి చేదు వస్తే మాత్రం దిద్దుబాటు లేదు. ముక్కలను తీసి, కొత్త బెల్లంతో పాకం పట్టాల్సిందే.

మధుమేహం ఉన్నవారు
కిలో గడ్డకు అరకిలో బెల్లం వేసే ఇళ్లు ఉన్నాయి. ఆరుగురికి పంచితే మనిషికి 80 గ్రాములు దాటుతుంది. పైన చెప్పిన కొలతలో అది 25 గ్రాములు. బెల్లం చక్కెర కంటే మంచిదన్న నమ్మకంతో మధుమేహ రోగులు మోతాదు మరచిపోతుంటారు. బెల్లంలో అత్యధిక భాగం చక్కెరేనని గుర్తుంచుకోవాలి. 100 గ్రాముల పచ్చి కందగడ్డలోనూ సుమారు 20 గ్రాముల పిండి, చక్కెర పదార్థాలు, 3 గ్రాముల పీచు ఉంటాయి. కాల్చిన గడ్డ కంటే నీటిలో ఉడికించినది రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచుతుంది. అందుచేత ఇంట్లోని మధుమేహ రోగి కోసం పాకంలో వేయడానికి ముందే రెండు మూడు ముక్కలు తీసి పక్కన పెట్టడం ఉత్తమం. మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు పగలంతా ఉపవాసం ఉంటే చక్కెర పడిపోయే ముప్పు కూడా ఉంది. ఉపవాసం ఉండవచ్చో లేదో ముందుగానే వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి.

నారింజ రంగు గడ్డ
లోపల నారింజ రంగు ఉండే కందగడ్డలో విటమిన్-ఎ గా మారే బీటా కెరోటిన్ పుష్కలంగా ఉంటుంది. తిరువనంతపురంలో 1963లో ఏర్పడిన కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ భూ సోనా పేరుతో ఇలాంటి రకాన్ని రూపొందించింది. ఆఫ్రికా దేశాల పిల్లల్లో విటమిన్-ఎ లోపాన్ని తగ్గించేందుకు నారింజ గడ్డను వ్యాప్తి చేసిన శాస్త్రవేత్తలకు 2016లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది. అమెరికాలో నవంబరు నెల నాలుగో గురువారం జరుపుకునే కృతజ్ఞతా పండుగ విందులో ఈ గడ్డనే చక్కెర పాకం పట్టించి వడ్డిస్తారు. అక్కడి దుకాణాల్లో దీనికి యామ్ అని పేరు పెట్టి అమ్ముతుంటారు. అక్కడ స్థిరపడిన మనవారు ఆ పేరు చూసి వేరే దుంప అనుకోనవసరం లేదు. నారింజ గడ్డలో నీటి శాతం ఎక్కువ కనుక మన తెల్ల గడ్డ కంటే త్వరగా చితుకుతుంది. ఉడికించే సమయం కొంత తగ్గించుకుంటే ఇదే విధానం దానికీ వర్తిస్తుంది.

శివరాత్రి నాడు గుడి నుంచి వచ్చాక వంట మొదలుపెడితే తొందర తప్పదు, తొందరలోనే వరుస తప్పుతుంది. గడ్డలను మధ్యాహ్నమే ఉడికించి తోలు తీసి ఉంచుకుంటే, పూజ ముగిశాక పాకం పట్టడానికి పావుగంట చాలు. ఇంట్లో పెద్దవారి ముందు పళ్లెం పెట్టే ముందు ఒక ముక్కను చెంచాతో నొక్కి చూడాలి. అది మెత్తగా విడిపోతే, ఆ ఇంట ఒక్కపొద్దు ఉన్నవారికి ఆ రాత్రి కడుపు నిండినట్లే.