ప్యాలెస్‌కి వెళ్తే బోర్డులు చదవాలా, ఆడియో గైడ్ వినాలా?

మైసూర్ వెళ్తున్న ఫ్రెండ్ ఒకడు మొన్న మెసేజ్ పెట్టాడు: "ఆడియో గైడ్‌కి డబ్బులు పెట్టడం వేస్టా? అక్కడ బోర్డులు ఉంటాయి కదా?" ప్రశ్న చిన్నదే, కానీ నాకు ఒక ఎపిసోడ్‌కి సరిపడా దొరికింది.

ముందు ఇంజినీర్ బుర్రతో చూద్దాం. బోర్డు అంటే రాండమ్ యాక్సెస్. చివరి లైన్ ముందు చదవొచ్చు, నచ్చకపోతే వదిలేసి వెళ్లిపోవచ్చు. ఆడియో అంటే స్ట్రీమ్. వాళ్లు ఏ వరుసలో చెప్తే అదే వరుసలో వినాలి. స్పీడ్‌లో కూడా బోర్డుదే పైచేయి. ఇంగ్లిష్‌లో మామూలుగా నిమిషానికి 240 పదాల దాకా చదువుతాం, మాట్లాడేది మాత్రం 150 దగ్గరే ఉంటుంది.

మరి ఆడియో ఎందుకు? కళ్లు ఒక్క జతే ఉన్నాయి కాబట్టి!

మైసూర్ ప్యాలెస్‌లో కల్యాణ మంటపం ఉంది. ఎనిమిది మూలల హాలు. పైన నెమళ్ల డిజైన్‌తో రంగు గాజు కప్పు, దాన్ని మోసేవి పోత ఇనుప స్తంభాలు. ఇవి స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో తయారై ఇక్కడికి వచ్చాయి. గోడల నిండా దసరా ఊరేగింపు బొమ్మలు. అలాంటి చోట బోర్డు చదవాలంటే తల దించాలి. చూడాల్సింది పైన, చదవాల్సింది కింద. ఆడియో అయితే "పైకి చూడండి" అంటుంది, మీరు చూస్తూనే వింటారు.

ఇంకోటి, కథ. పాత చెక్క ప్యాలెస్ 1897లో కాలిపోయింది. అది కూడా రాజకుమారి పెళ్లి వేడుకల టైమ్‌లో. తర్వాత హెన్రీ ఇర్విన్ డిజైన్‌తో కట్టిన కొత్తది 1912లో పూర్తయింది. బోర్డు మీద ఇది రెండు లైన్లు. అదే ఎవరైనా చెవిలో చెప్తే పెళ్లి ఇల్లు, మంటలు, పరుగులు, అన్నీ కళ్ల ముందుకొస్తాయి. జోధ్‌పూర్ మెహ్రాన్‌గఢ్‌లో లోహాపోల్ అనే గేటు పక్కన చేతి ముద్రలున్నాయి. 1843లో మహారాజా మాన్‌సింగ్ చనిపోయాక సతీసహగమనం చేసిన ఆయన భార్యలవి. అక్కడ తారీఖు తెలిస్తే చాలదు. కాసేపు ఆగాలి. మంచి ఆడియోకి ఆ ఆగడం తెలుసు.

అలాగని ప్రతి వస్తువుకీ ఆడియో అక్కర్లేదు. హైదరాబాద్ చౌమహల్లాలో పాత కార్ల దగ్గర పేరు, సంవత్సరం రాసిన కార్డు ఉంటే చాలు. ఒక్కో కారుకి మూడు నిమిషాల వ్యాఖ్యానం పెడితే నేనైతే స్కిప్ కొట్టేస్తా. ఖిల్వత్ దర్బార్ హాల్లో వేలాడే 19 షాండ్లియర్ల కింద మాత్రం చెవిలో ఒక గొంతు ఉంటే బాగుంటుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మా నాన్నమ్మకి సంతకం వరకే వచ్చు. ఆమెని ఒక ప్యాలెస్‌కి తీసుకెళ్లా, పేరు చెప్పను. బోర్డులు ఇంగ్లిష్, హిందీల్లోనే ఉన్నాయి. ఆడియో ఉంది కానీ తెలుగులో లేదు. ప్రతి బోర్డు దగ్గరా "ఏం రాశారు నాన్నా ఇందులో?" అని అడిగేది. రెండు గంటల పాటు ఆ ప్యాలెస్‌ని ఆమె నా నోటితోనే చూసింది. ఇది మా ఇంటి ఒక్కదాని కథ కాదు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతమే. అంటే బోర్డు ఒక్కటే పెట్టి వదిలేస్తే, టికెట్ కొన్న వాళ్లలో కొందరికి అది ఉత్త రంగు రేకు.

రివర్స్‌లో కూడా ఆలోచించండి. వినపడని వాళ్లకి ఆడియోతో పనిలేదు, చూపు లేని వాళ్లకి బోర్డుతో పనిలేదు. కాబట్టి "ఏది బెటర్" అని టికెట్ కొనేవాళ్లు అడగొచ్చు, ప్యాలెస్ నడిపేవాళ్లు మాత్రం రెండూ పెట్టాల్సిందే, ఆడియోలో ఉన్నది రాతలో కూడా ఇవ్వాల్సిందే. మనం ఈ వీడియోలకి ట్రాన్స్‌క్రిప్ట్ పెట్టేది కూడా అందుకే కదా.

అన్నట్టు, ఈ ఆడియో టూర్ కొత్త ఐడియా ఏం కాదు. 1952లోనే ఆమ్‌స్టర్‌డామ్‌లోని స్టెడెలిక్ మ్యూజియంలో రేడియో రిసీవర్లు చేతికిచ్చి నడిపించారు. అందరికీ ఒకేసారి ప్రసారం. పాజ్ బటన్ ఊహించుకోండి... ఉండదు!

ఫ్రెండ్‌కి నేను చెప్పింది ఇది. యాప్ ఉంటే ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకో, మందపాటి రాతి గోడల మధ్య సిగ్నల్‌ని నమ్ముకోకు. వైర్ ఉన్న ఇయర్‌ఫోన్ జేబులో వేసుకో, చెరొక చెవికి పెట్టుకుంటే పక్కవాళ్లతో మాట తెగదు. పరికరం అద్దెకి తీసుకుంటే చాలాచోట్ల ఐడీ కార్డు అడుగుతారు. పెద్దవాళ్లతో వెళ్తే, ఫొటోకి అనుమతి ఉన్న చోట గూగుల్ లెన్స్‌తో బోర్డుని తెలుగులోకి మార్చి, స్పీకర్ గుర్తు నొక్కి వినిపించు. పేర్లు కాస్త వంకరగా పలుకుతుంది, వాటిని మాత్రం నువ్వు సరిచేసి చెప్పు.