ఇచ్చినా... తరగని పిన్ను!

పంద్రాగస్టు నాడు చొక్కా జేబుకి బుల్లి జెండా గుచ్చుకుని మురిసిపోని పిల్లలుంటారా! అదే సరదా కంప్యూటర్‌లోని ఫొటో ఆల్బమ్‌లకీ పాకింది.

లోహపు బిళ్ల మీది గుంటల్లో రంగులు నింపి గట్టిపరిస్తే ఎనామిల్ పిన్ను. మీనాకారీ నగలకి ఇది దగ్గరి చుట్టమే. 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో క్రీడాకారుల్ని గుర్తుపట్టేందుకు ఇచ్చిన అట్టబిళ్లలతో మొదలై, పిన్నులు మార్చుకోవడం ఆ క్రీడల్లో పెద్ద వేడుకే అయింది.

డిజిటల్ స్క్రాప్‌బుక్ చేసేవాళ్లు ఆ పిన్నుని తెరమీదే గీస్తారు. తేలికైన బొమ్మ, రంగుల మధ్య బంగారు గీత, పైన చిన్న మెరుపు, కింద సన్నని నీడ... అంతే, నిజంగా గుచ్చినట్టే ఉంటుంది. వెనక రంగు లేకుండా పీఎన్‌జీ ఫైలుగా దాచుకుంటే ఏ ఫొటో మీదైనా పెట్టుకోవచ్చు.

ఏం గీయాలంటారా? సొంతూరు లేదూ! కర్నూలు జిల్లా చిప్పగిరివాళ్లయితే 1755లో అక్కడే పరమపదించిన హరిదాసు విజయదాసుల గుర్తుగా తంబురా, ఆదోనివాళ్లు పత్తికాయ, ఎమ్మిగనూరువాళ్లు మగ్గం గీయొచ్చు. తాతయ్య ఫొటో పక్కన ఆ పిన్నుంటే ఆయనదే ఊరో మనవలకి వేరే చెప్పక్కర్లేదు.

స్టాంపు ఇచ్చేస్తే మన దగ్గర ఉండదు. డిజిటల్ పిన్ను ఇచ్చినా ఉంటుంది. చిక్కూ అక్కడే! చేతులు మారేకొద్దీ గీసినవారి పేరు మరుగునపడిపోతుంది. అందుకే చాలామంది ఫైలుతోపాటే షరతులూ పంపుతారు: పేరు చెప్పాలి, అడక్కుండా పంచకూడదు, అమ్మకూడదు.

మీ ఊరి పిన్ను గీస్తే ఓ మూల మీ పేరు రాయడం మరవకండి.