ఇసుక రేణువులో దాగిన వయసు

ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలు రసాయన శాస్త్రంలో అర్హీనియస్ సమీకరణం చదువుతారు. చాలామందికి అది పరీక్షలో రాసి వదిలేసే సూత్రం. మన రాయలసీమ మట్టి వయసు కట్టడంలో దానికీ పాత్ర ఉంది.

మన చెయ్యేటి ఇసుక గుప్పెడు తీసుకోండి. అందులో మెరిసేవి చాలావరకు క్వార్ట్జ్ రేణువులే. ఆ స్ఫటికాల్లో అక్కడక్కడా లోపాలుంటాయి. మట్టిలోని యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే స్వల్ప రేడియేషన్ తగిలి కదిలిన ఎలక్ట్రాన్లలో కొన్ని, గుంతలో పడ్డ గోలీల్లా ఆ లోపాల్లో చిక్కుకుంటాయి. గుంతలు పడిన పళ్ళెంలో గోలీలు పోసి కదిలిస్తే లోతు తక్కువ గుంతల్లోవి ముందు బయటపడతాయి కదా! ఇక్కడ పళ్ళేన్ని కదిలించేది వేడి. గుంతలు కూడా ఒకే లోతులో ఉండవు.

అసలు విశేషం ఇదే. 20 డిగ్రీల వేడిలో ఒక రకం గుంతలోని ఎలక్ట్రాన్ కొన్ని గంటల్లో తప్పించుకుంటుంది. దానికి రెట్టింపు లోతు కూడా లేని మరో గుంతలో కోట్ల సంవత్సరాలు ఉండిపోతుంది. సమీకరణంలో ఉత్తేజన శక్తి ఘాతాంకంలో ఉంటుందని పిల్లలు అప్పజెబుతారే, దాని అర్థం ఇది.

వేడికి లొంగని ఆ గుంతలు ఎండ తగిలితే ఇట్టే ఖాళీ అవుతాయి. మీద మట్టి కప్పాక మళ్ళీ సున్నా నుంచి నిండుతాయి. ప్రయోగశాలలో రేణువుల మీద కాంతి వేస్తే, బయటపడిన ఎలక్ట్రాన్ల వల్ల సన్నని వెలుగు వస్తుంది. దాన్నిబట్టి పోగైన మొత్తం మోతాదు తెలుస్తుంది. దాన్ని ఏటా అందే మోతాదుతో భాగిస్తే వయసు. చివరికి మిగిలేది ఐదో తరగతి భాగహారమే!

నంద్యాల జిల్లా బనగానపల్లె ప్రాంతంలోని జ్వాలాపురంలో ఈ పద్ధతి పెద్ద ప్రశ్నకే అక్కరకొచ్చింది. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇండోనేసియాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగసిన బూడిద అక్కడి జుర్రేరు లోయలో పేరుకుంది. ఆ విపత్తును ఇక్కడి మనుషులు తట్టుకున్నారా? రవి కొరిసెట్టార్, మైఖేల్ పెట్రాగ్లియా బృందం తవ్వి చూస్తే బూడిద పొర కిందా, పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటి తీరు పెద్దగా మారలేదని 2007లో సైన్స్ పత్రికలో రాశారు. ఆ మట్టి పొరల వయసు కట్టింది ఈ పద్ధతితోనే.

ఇలాంటి నమూనాలను వెలుగు సోకకుండా గొట్టాల్లో తీసి, మసక ఎర్రదీపం కిందే విప్పుతారు. ఒక్కసారి ఎండ పడితే వేల ఏళ్ల లెక్క పోయినట్టే. ఇక ఆ పనిముట్లు ఎవరివన్నది మాత్రం పండితుల మధ్య ఇంకా వాదనే. ఆ పొరల్లో మనిషి ఎముకలు దొరకలేదు.