డ్యూటీ మారినా మారని గడియారం

ఇక్కడ అల్ వుకైర్‌లో మా బిల్డింగులో ఉండే ఒక తమ్ముడు మొన్న అడిగాడు. "అన్నా, డే నుంచి నైట్ డ్యూటీకి మారితే వారమైనా పగలు నిద్ర పట్టదు. ఫోన్లో టైము మార్చినట్టు ఒంట్లో ఎందుకు మారదు?" నేను కంప్యూటర్ల మనిషిని, డాక్టర్ని కాదు. అయినా ఆ సంగతి చదువుతూ పోతే జవాబు ఎలుకల దగ్గర దొరికింది.

మెదడు అడుగున, రెండు కళ్ళ నరాలు కలిసే చోటుకి కాస్త పైన ఒక కణాల గుంపు ఉంటుంది. చిట్టెలుకలో అవి సుమారు 20,000. తమాషా ఏమిటంటే ఒక్కో కణం ఒక్కో గడియారం. మరి ఇన్ని గడియారాలూ ఒకే టైము ఎలా చూపిస్తాయి? రసాయన అణువులతో కబురు పంపుకుంటాయి. అందులో ఒకదాని పేరు 'విఐపి'. మన నాయకులు కాదు లెండి, అదొక చిన్న ప్రోటీన్ ముక్క.

ఆ కబురు అందుకునే గ్రాహకం లేకుండా జన్యువు మార్చిన ఎలుకల్ని 2002లో ఎడింబరో శాస్త్రవేత్తలు పరిశీలించారు. వాటి నిద్రకీ తిరుగుడికీ వేళాపాళా లేకుండా పోయింది. 2005లో అమెరికాలో విఐపి లేని ఎలుకల కణాలను చూస్తే సుమారు సగం లయే తప్పాయి, మిగతావి తలోదారీ పట్టాయి.

ఇంకో అణువు వాసోప్రెసిన్. ఒంట్లో నీరు నిలపమని మూత్రపిండాలకి చెప్పేది కూడా ఇదే. 2013లో జపాన్‌లోని క్యోటోలో దీని గ్రాహకాలు రెండు లేని ఎలుకల గదిలో లైటు వేసే టైము 8 గంటలు ముందుకి జరిపారు. మామూలు ఎలుకలు సర్దుకోడానికి వారం దాటింది. ఇవి దాదాపు వెంటనే సర్దుకున్నాయి! అంటే మన గడియారం మొండితనం జబ్బు కాదన్నమాట. కణాలన్నీ ఒక మాట మీద ఉండబట్టే ఒక పట్టాన కదలవు. ఆ గ్రాహకాలను అడ్డుకునే మందు మామూలు ఎలుకల మెదడులోకి పంపితే అవీ త్వరగా సర్దుకున్నాయి. కానీ మనకి పనికొచ్చే బిళ్ళ ఇంకా రాలేదు, అడక్కండి.

ఆ గుంపుకి బయటినుంచి టైము చెప్పేది ముఖ్యంగా వెలుతురు. నైట్ దిగి కంపెనీ బస్సులో వచ్చేటప్పుడు కళ్ళలో పడే ఎండ "తెల్లారింది, లే" అని చెబుతుంది. అందుకే బస్సులో నల్ల కళ్ళద్దాలు పెట్టుకో, గది చీకటి చెయ్యి అన్నాను. తమ్ముడు కిటికీకి దుప్పటి కట్టాడు. నాలుగు రోజులుగా కాస్త నిద్ర పడుతోందట. ఆదివారం నుంచి మళ్ళీ డే డ్యూటీ వేశారు.

రోస్టరు రాసే సూపర్వైజరు గారెవరైనా వింటున్నారా?