కాగితాన్ని చూసే కన్ను

న్యూఢిల్లీ: పార్లమెంటు సమావేశాలు లేని వారాలలో రాజధానిలోని పత్రికా రచయితలు రెండు తెగలుగా చీలిపోతారు. ఒక తెగవారు మంత్రివర్గ విస్తరణ గురించి ఊహాగానాలు చేస్తారు. రెండవ తెగవారు పాత ఢిల్లీకి పోయి ఏదో ఒక పాత వస్తువును బేరమాడుతారు. ఈసారి నేను రెండవ తెగలో చేరి, చాందినీ చౌక్‌లోని కూచా చౌదరి బజారు నుంచి ఒక పాత ఫిలిం కెమెరాను, అతి దగ్గర నుంచి చూడగల లెన్సును పరీక్షకని తెచ్చుకున్నాను.

కెమెరాల వ్యాపారానికి దేశమంతటా పేరుమోసిన బజారు అది. 1970లలో, 80లలో విదేశీ కెమెరా మీద సుంకం సామాన్యునికి అందుబాటులో ఉండేది కాదు. మంచి కెమెరా కావాలంటే విదేశం నుంచి వచ్చే బంధువు దయ ఉండాలి, లేదా ఎక్కడి నుంచి వచ్చిందని ప్రశ్నించకుండా కొనే ధైర్యం ఉండాలి. అలా వచ్చిన సరకే ఇప్పుడు అంగడి గాజు బీరువాలలో రెండవసారి, మూడవసారి చేతులు మారుతున్నది.

నేను తెచ్చుకున్నది నికాన్ ఎఫ్ఎం2. 1982లో విపణికి వచ్చిన నమూనా. షట్టరు పూర్తిగా యాంత్రికం; బ్యాటరీ కావలసింది వెలుతురు కొలిచే మీటరుకే. ఇటువంటి కెమెరాను కొనదలచినవారు ముందుగా చెవిని నమ్ముకోవాలి. ఒక సెకను, అర సెకను, పావు సెకను అని వరుసగా తిప్పి నొక్కితే లోపలి గడియారం ఎక్కడ తడబడుతున్నదో వినిపిస్తుంది. తరువాత వెనుక తలుపు తెరచి, వెలుతురు చొరబడకుండా అంటించిన నురుగు పట్టీని వేలితో తాకి చూడాలి. ఇందులో అది కరగిన తారువలె వేలికి అంటింది. నలభై ఏళ్ల వస్తువుకు అది రోగం కాదు, వయస్సు.

లెన్సు పరీక్ష వేరు. టార్చి వేసి అడ్డంగా చూస్తే సాలెగూడు వంటి పోగులు కనిపించాయా, అది బూజు. వానాకాలపు తేమలో, గాలి ఆడని బీరువాలో ఏళ్ల తరబడి మూసి ఉంచిన లెన్సులకు పట్టే తెగులు అది. ఈ లెన్సుకు పట్టలేదు. 1970ల చివర తయారైన 55 మిల్లీమీటర్ల మైక్రో నిక్కార్ ఇది. అంగడి పెద్దాయన దానిని గుడ్డతో తుడుస్తూ, ‘సాబ్, ఇది ఏదో ఆఫీసు సామానులో వచ్చింది. దీనితో పువ్వులు కాదు, ఫైళ్లు తీసేవారు’ అన్నాడు. ఆ మాట అమ్మకం కోసం అన్నదేమో తెలియదు గాని, లెన్సు జాతకం మాత్రం సరిగ్గా అదే.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం జపాన్ విద్యావేత్తలు గ్రంథాలను, పత్రాలను మైక్రోఫిలింపైకి ఎక్కించబూనారు. ఇరవై ఆరు అక్షరాల రోమన్ లిపికి చాలిన లెన్సులు పది పదిహేను గీతలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే కంజి అక్షరాల దగ్గర చేతులెత్తేశాయి. అలికినట్లున్న అక్షరాన్ని చదివేదెవరు? టోక్యో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు కొఆనా ప్రోద్బలంతో నికాన్ సంస్థ ప్రత్యేకమైన లెన్సును రూపొందించి 1956లో విడుదల చేసింది. ఈనాటి నా లెన్సుకు అది పూర్వీకురాలు. పేరులోని ‘మైక్రో’ ఆ మైక్రోఫిలిం జ్ఞాపకమే. పూలను, తుమ్మెదలను తీసేవారు తరువాత వచ్చి దీనిని తమదిగా చేసుకున్నారు. తెలుగువారికి ఈ చరిత్రను వివరించనవసరం లేదు. ‘ధ’ కింది చిన్న గీత చెరిగితే ధనం కాస్తా దనమవుతుందని మనకు తెలియనిదా!

సాధారణ లెన్సు చదునైన కాగితాన్ని దగ్గరగా చూసినప్పుడు నడుమ స్పష్టత ఇచ్చి అంచులను వదిలేస్తుంది. పత్రాల లెన్సుకు పుట నాలుగు మూలలూ సమానమే. దీనిని చివరివరకు తిప్పితే వస్తువు ఫిలిం మీద తన సహజ పరిమాణంలో సగానికి పడుతుంది. అంటే పేక ముక్క కన్న కొంచెం చిన్నదైన చోటు చట్రమంతా నిండిపోతుంది. అక్కడ స్పష్టత లోతు ఎఫ్8 వద్ద సుమారు మూడు మిల్లీమీటర్లు. లెన్సును పూర్తిగా తెరిస్తే ఒక మిల్లీమీటరుకు కొంచెం పైన. ఊపిరి పీల్చినా గురి తప్పుతుంది. కెమెరా, కాగితం సమాంతరంగా ఉన్నాయో లేదో చూడడానికి పాతకాలపు ఉపాయం ఒకటున్నది: కాగితం ఉన్నచోట చిన్న అద్దం పరచి, కెమెరాలోంచి చూచినప్పుడు లెన్సు ప్రతిబింబం సరిగా మధ్యలో కనిపించేదాకా స్టాండును సర్దాలి. ఆపైన సెల్ఫ్ టైమరు పెడితే లోపలి దర్పణం ముందే పైకి లేచిపోతుంది, అదురు ఉండదు.

పరీక్షకు ఒక మిత్రుడు దాచుకొన్న 1975 జూన్ చివరినాటి పత్రికలను ఎంచుకున్నాను. జూన్ 25 రాత్రి బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని ముద్రణాలయాలకు విద్యుత్తు ఆపివేశారు. జూన్ 28న ‘ఇండియన్ ఎక్స్‌ప్రెస్’ సంపాదకీయం స్థానాన్ని ఖాళీగా వదిలి వెలువడింది. ఆ ఖాళీ మీదనే లెన్సును గురిపెట్టాను. అక్షరం లేనిచోట లెన్సుకు కనిపించేదేమిటి? గోధుమరంగుకు తిరిగిన కాగితపు పీచు, వెనుక పుట నుంచి ఊరిన సిరా, మడత దగ్గర విడిపోతున్న నార. మరికొన్నేళ్లకు ఆ ఖాళీ కూడా మిగలదు.

ప్రతులు లేకపోతే ఏమవుతుందో ఆ కాలమే మరొక ఉదాహరణ చూపింది. ఎమర్జెన్సీ అత్యాచారాలపై విచారణ జరిపిన షా కమిషన్ 1978లో నివేదికలు సమర్పించింది. 1980లో ప్రభుత్వం మారిన తరువాత వాటి ప్రతులు దేశంలో కనిపించడం అరుదైంది. ప్రభుత్వమే వాటిని ఉపసంహరించిందన్న ఆరోపణ నేటికీ ఉన్నది. తమిళనాడుకు చెందిన మాజీ పార్లమెంటు సభ్యుడు ఎరా సెళియన్ తనవద్ద భద్రంగా ఉన్న ప్రతి ఆధారంగా 2010లో దానిని పునర్ముద్రించారు. ఒక వ్యక్తి బీరువా రాజ్యం చేయవలసిన పనిని చేసింది.

రాజ్యానికి సొంత బీరువా లేకపోలేదు. జన్‌పథ్‌లో జాతీయ పత్ర భాండాగారం ఉన్నది. 1993 నాటి ప్రభుత్వ రికార్డుల చట్టం ప్రకారం ఇరవై ఐదేళ్లు దాటిన రికార్డులను శాఖలు పరిశీలించి అక్కడికి పంపాలి. కాని 1962, 1965, 1971 యుద్ధాలకు, హరిత విప్లవానికి సంబంధించిన రికార్డులు తమవద్ద లేవని భాండాగారం అధిపతే 2022 డిసెంబరులో బహిరంగంగా చెప్పారు. లెన్సు ఎంత సూక్ష్మమైనదైతేనేమి, ఎదుట పెట్టని కాగితాన్ని అది చూడలేదు.

ఇక ఫిలిం సంగతి. స్వదేశీ ఫిలిం కోసం 1960లో స్థాపించిన హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ ఊటీ చల్లదనంలో 1967 నుంచి ‘ఇందు’ పేరిట సరకు తయారు చేసింది. దిగుమతుల తలుపులు తెరిచాక ఖాయిలా పడింది. 2010ల దశాబ్దంలో మూతపడింది. నేను కెమెరాలో వేసిన రీలు ఇంగ్లండు నుంచి వచ్చింది. సెల్‌ఫోను చేతిలో ఉండగా ఇదంతా ఎందుకని యువ మిత్రులు అడుగుతున్నారు. ఫోనుతో తీయవలసిందే, వెంటనే నలుగురికీ పంపవలసిందే. అయితే సరిగా కడిగి, తగిన చల్లదనంలో, పొడిగా ఉంచిన పాలియెస్టర్ మైక్రోఫిలిం అయిదు వందల ఏళ్లు నిలుస్తుందని నిపుణుల అంచనా. చదవడానికి భూతద్దం, వెలుతురు చాలు. కంప్యూటరు దస్త్రాన్ని మాత్రం కొన్నేళ్లకొకసారి కొత్త యంత్రానికి ఎవరో ఒకరు మోస్తూ పోవాలి. ఆ ‘ఎవరో ఒకరు’ మన కార్యాలయాలలో ఎవరన్నది పాఠకులే ఊహించుకోవచ్చు.

ముప్పై ఆరు బొమ్మలలో ముప్పై ఒకటి నిక్కచ్చిగా వచ్చాయి. ఐదింటి అంచున తలుపు సందులోంచి చొరబడిన వెలుతురు మచ్చ. ఖాళీ సంపాదకీయం పైన పత్రిక తేదీ, కింద అచ్చు గీత, నడుమ కాగితపు నార పోగుపోగుగా లెక్కపెట్టవచ్చు. నురుగు పట్టీ మార్పించి రెండవ రీలు ఎక్కించాను. మిత్రుని కట్టలో ఇంకా పదకొండు పుటలున్నాయి.