నడక చాలదు, నాడి పెరగాలి

పెనుబల్లి చుట్టుపక్కల ఊళ్లలో ఎవరింట్లోనైనా పెద్దాయనకు చెయ్యి వణకడం మొదలైతే, ఇరుగుపొరుగు ముందుగా చేసే ఉపకారం కుర్చీ వేయడం. "కూర్చో పెద్దయ్యా, నీకెందుకీ శ్రమ" అంటారు. కోడలు మంచినీళ్లు చేతికందిస్తుంది, కొడుకు చొక్కా గుండీలు పెడతాడు, మనవడు చెప్పులు తెచ్చి కాళ్ల దగ్గర పెడతాడు. అంతా ప్రేమే. కానీ పార్కిన్సన్స్ జబ్బున్న మనిషికి ఆ కుర్చీ చేసినంత చెరుపు మరొకటి చేయదని నా గట్టి అభిప్రాయం. నేను డాక్టర్ని కాను. ఈ మండలం ఊళ్లలో ఏఎన్ఎంగా బీపీలు చూసి, టీకాలు వేసి రిటైరైనదాన్ని. జబ్బు మా ఇంటాయనకే వచ్చింది కాబట్టి చదివాను, తెలిసిన డాక్టర్లనల్లా అడిగాను, రోజూ ఇంట్లో చూస్తున్నాను.

ఈ జబ్బు వణుకుతోనే మొదలవ్వాలని లేదు. మా ఆయనకు ముందు ఎడమ చెయ్యి ఊగడం మానేసింది. నడుస్తుంటే కుడిచెయ్యి ముందుకూ వెనక్కూ పోయేది, ఎడమది ఒంటికి అతుక్కుని ఉండేది. సంతకం పోనుపోను చదవలేనంత చిన్నదైంది. కొందరికి వాసన తెలియకపోవడం, తీరని మలబద్ధకం, నిద్రలో కేకలేసి చేతులు విసరడం ఏళ్ల ముందే కనిపిస్తాయి. మెదడు అడుగు భాగంలో డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలుంటాయి. అవి ఒక్కొక్కటే చచ్చిపోతుంటే కదలికలు మందగిస్తాయి, కండరాలు బిగుసుకుంటాయి, అడుగు కురచవుతుంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు దీని మీద చిన్న పుస్తకం రాస్తే ఆయన పేరే జబ్బుకు నిలిచింది. ఆయుర్వేదంలో కంపవాతం అంటారు. మా ఊళ్లో మాత్రం వణుకుడు జబ్బే.

మందు ఉంది. 1960ల నుంచి వాడుతున్న లెవోడోపాను మించిన మాత్ర ఇప్పటికీ రాలేదు. మన హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ రూపం బొర్గోహైన్ ఈ జబ్బు మీద ఏళ్ల తరబడి పనిచేశారు. లెవోడోపాకు తోడుగా వాడే సఫినమైడ్ మందుపై జరిగిన ఒక పెద్ద పరీక్ష ఫలితాలు 2014లో ఆయన ముందు పేరుతోనే వెలువడ్డాయి. అందుకని మాత్ర మానేసి వ్యాయామం చేయమని నేననను. మాత్ర వేళకు పడాల్సిందే. అయితే మాత్ర బిగుతును, మందకొడితనాన్ని తగ్గిస్తుంది గానీ చచ్చే కణాలను ఆపదు. ఆ పని ఏదైనా చేస్తుందా అని వెతుకుతున్నవాళ్ల కళ్లు ఇప్పుడు చెమట పట్టే వ్యాయామం మీద ఉన్నాయి.

దీని వెనక ఒక ముచ్చట ఉంది. 2003లో జే ఆల్బర్ట్స్ అనే అమెరికా పరిశోధకుడు పార్కిన్సన్స్ ఉన్న ఒకావిడను జంట సైకిలు వెనక సీటులో ఎక్కించుకుని అయోవా రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు బయలుదేరాడు. ముందు కూర్చున్నవాడు ఎంత వేగంగా తొక్కితే వెనకవాళ్ల పెడళ్లూ అంత వేగంగా తిరుగుతాయి, కాదనడానికి లేదు. కొన్నాళ్లు తొక్కేసరికి ఆవిడ చేతిరాత బాగుపడింది. తొక్కింది కాళ్లతో, బాగుపడింది చెయ్యి! అక్కడ పట్టుకున్నాడాయన. తర్వాతి పరీక్షల్లో రోగుల చేత నిమిషానికి 80, 90 చుట్లు తొక్కించి చూశాడు.

ఒక్కరి అనుభవం సాక్ష్యం కాదనేవాళ్లకు 2018 నాటి అమెరికా పరీక్ష ఉంది. ఇంకా మందులు మొదలుపెట్టని 128 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టు ట్రెడ్‌మిల్ మీద గుండె గరిష్ఠ వేగంలో 80 నుంచి 85 శాతం దాకా వెళ్లాలి. రెండో జట్టు 60 నుంచి 65 శాతం. మూడో జట్టు ఎప్పటిలాగే ఉండాలి. ఆరు నెలల తర్వాత జబ్బు తీవ్రతను కొలిస్తే, మామూలుగా ఉన్నవాళ్లకు 3 పాయింట్లకు పైగా పెరిగింది, మెల్లగా నడిచినవాళ్లకు 2 పెరిగింది, గట్టిగా చేసినవాళ్లకు దాదాపు కదల్లేదు. మరుసటి ఏడాది నెదర్లాండ్స్‌లో బాస్ బ్లూమ్ బృందం 130 మందిని పరీక్షించింది. సగం మంది ఇంట్లోనే కదలని సైకిలు తొక్కారు, సగం మంది ఒళ్లు సాగదీసే కసరత్తులు చేశారు. సైకిలు వాళ్లే నయంగా ఉన్నారు. వీళ్లలో కొందరి మెదడుకు స్కానింగ్ చేస్తే, సైకిలు తొక్కినవాళ్లలో మెదడు కుంచించుకుపోవడం కూడా తక్కువగా కనిపించింది. జబ్బు నడకనే ఇది ఆపుతుందని ఇంకా రుజువు కాలేదు. దానికోసం అమెరికా, కెనడాల్లో మరింత పెద్ద పరీక్ష పెట్టారు. దాని ఫలితం వచ్చేదాకా కూర్చుని ఉండాల్సిన పనైతే లేదు.

ఇంతకీ మా ఆయన దగ్గర ఈ లెక్కలు పారలేదు. "పొద్దుననంగా పామాయిల్ తోటలో తిరుగుతూనే ఉన్నాగా, ఇంకా వ్యాయామం దేనికే?" అన్నారు. మండలంలో ఏ రైతునడిగినా ఇదే జవాబు. సరే, రండి తేల్చుకుందామని తోట చుట్టి వచ్చీరాగానే నాడి చూశాను. నిమిషానికి 86. ఆయన వయసు 64. 220లోంచి వయసు తీసేస్తే 156, అది ఆయన గుండెకు ఉజ్జాయింపు గరిష్ఠం. అందులో 80 శాతమంటే 125. తోట పనికి అలుపు వస్తుంది, గంటలు గడుస్తాయి, గుండెకు మాత్రం ఆ పని ఆనదు. లంకాసాగర్ కట్ట మీద కబుర్లు చెప్పుకుంటూ నడిచే పెద్దమనుషుల సంగతీ ఇంతే. నడుస్తూ పాట పాడగలిగితే అది షికారు. రెండు మూడు మాటలకు మించి మాట్లాడలేక ఊపిరి తీసుకోవాల్సి వస్తే అదీ మనకు కావలసిన వ్యాయామం.

నాడి చూడటం ఇంట్లో ఎవరైనా నేర్చుకోవచ్చు. మణికట్టులో బొటనవేలి వైపు మూడు వేళ్లు ఆనించి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. వణుకు లేని చెయ్యి పట్టుకోవాలి. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు ఉందిగా అని వణికే వేలికి తగిలించకండి. ఈ జబ్బులో చెయ్యి సెకనుకు నాలుగైదు సార్లు వణుకుతుంది, యంత్రం తికమకపడి తప్పు అంకె చూపిస్తుంది. బీపీకి అటెనొలాల్, మెటోప్రొలాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు నాడి అంతగా పెరగదు. వాళ్లు అంకెను వదిలేసి ఆయాసాన్నే చూసుకోవాలి.

మా వసారాలో ఒక కదలని సైకిలు ఉంది, పాతదే కొన్నాం. ఈ జబ్బుకు సైకిలు ఎందుకో బాగా పొసుగుతుంది. నాలుగడుగులు వేయలేక కాళ్లు నేలకు అతుక్కుపోయే రోగి ఒకాయన సైకిలెక్కి చక్కగా తొక్కుకుంటూ పోవడాన్ని ఇదే బ్లూమ్ 2010లో లోకానికి చూపించాడు. అయినా రోడ్డు మీద సైకిలు వద్దు, దిగేటప్పుడు పడతారు. మాత్ర వేసుకున్న గంటకు, అది బాగా పనిచేసే వేళ ఎక్కాలి. ఐదు నుంచి పది నిమిషాలు నిదానంగా, తర్వాత అరగంట వడిగా, చివర మళ్లీ నిదానంగా, వారానికి మూడు నాలుగు రోజులు. అరగంట ఒక్కసారిగా ఎవరి వల్లా కాదు, రెండేసి నిమిషాలతో మొదలుపెట్టి పెంచుకోవచ్చు. దిగగానే చటుక్కున నిలబడొద్దు, ఈ జబ్బులో లేవగానే బీపీ పడిపోయి తూలుతారు. ఇక మన ఖమ్మం ఎండల సంగతి చెప్పేదేముంది! మే నెలలో తెల్లవారకముందే ముగించాలి.

ఆడవాళ్లు సైకిలెక్కడానికి మొహమాటపడతారు. వాళ్లకు కోలాటం ఉంది. తాళానికి తగ్గట్టు అడుగేస్తుంటే ఆగిపోయే కాళ్లు కూడా కదులుతాయి, ఫిజియోథెరపిస్టులు లెక్క చెబుతూ నడిపించేది అందుకే. నీలాద్రి గుడి దగ్గర శివరాత్రికి వేసే చిందు సరిపోదు గానీ, ఇంటి ముందు వాకిట్లో పక్కన ఒకరు తోడుండి ఊపిరి ఆడనంత వడిగా వేస్తే అది ట్రెడ్‌మిల్‌కు తీసిపోదు.

అడవి పక్కన ఉంటాం కాబట్టి ఒక మాట. దూలగొండి గింజలు తెచ్చి పొడి చేసి ఇచ్చేవాళ్లు మా వైపు ఉన్నారు. అది ఉత్త నాటు నమ్మకం కాదు, ఆ గింజలో లెవోడోపా నిజంగానే ఉంది. చిక్కల్లా అక్కడే. ఏ గింజలో ఎంత ఉందో తెలియకుండా మాత్ర మీద పొడి కూడా పడితే ఒళ్లు మెలికలు తిరగడం, లేనివి కనిపించడం మొదలవుతాయి. అలాగే గడ్డి మందు పారాక్వాట్ కొట్టే రైతుల్లో ఈ జబ్బు ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. మా తోటలో దాన్ని అడుగు పెట్టనివ్వను, కలుపు కోయిస్తాను.

"అక్కా, బావను అట్టా రొప్పిస్తున్నావేంది, పాపం!" అని గేటు దగ్గర ఆగి అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆయనే సైకిలు మీది నుంచి చెయ్యి ఊపుతారు, మాట్లాడేంత ఊపిరి ఉండదు. జబ్బు పోలేదు. ఎడమ చెయ్యి ఇంకా వణుకుతుంది. గుండీలు మాత్రం ఎవరినీ పెట్టనివ్వరు.

మీ ఇంట్లో ఈ జబ్బున్నవాళ్లుంటే, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాత్రల చీటీతో సరిపెట్టుకుని రాకండి. ముందు ఈసీజీ తీయించండి, అవసరమంటే గుండెకు ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా చేయించండి. ఆ తర్వాత "ఈయన నాడి ఎంతదాకా వెళ్లొచ్చు?" అని అడిగి, ఆ అంకెను అదే చీటీ మీద రాయించుకుని రండి.