కొండదారిలో సైకిళ్ళ బృందం

రాయపూర్‌కు బదిలీ అనగానే మనవాళ్ళకు గుర్తొచ్చేవి వరిపొలాలు, ఉక్కు మిల్లులు, మే నెల ఎండలు. ఊరు మైదానంలోనే ఉంది, సముద్రమట్టానికి దాదాపు 300 మీటర్ల ఎత్తున. అయితే ఈ మైదానానికి అంచుల్లో కొండలున్నాయి. వాయవ్యంగా మైకల్ కొండలు, తూర్పున బార్‌నవాపారా అడవులు, దక్షిణాన ధమ్తరి దాటాక మహానది పుట్టిన సిహావా కొండలు. 30వ జాతీయ రహదారి రాయపూర్ నుంచి దక్షిణంగా సాగి, కేశకాల్ ఘాటీ ఎక్కి, బస్తర్ మీదుగా భద్రాచలం, విజయవాడ వైపు వెళ్తుంది. మనలో చాలామందిమి ఆ కొండలను బస్సు కిటికీలోంచి చూసినవాళ్ళమే.

ఇక్కడ పనిచేస్తున్న సహోద్యోగులం పన్నెండుమందిమి చలికాలపు ఆదివారాల్లో ఆ కొండదారుల్లో మౌంటెన్ బైకులు తొక్కుతున్నాం. మాలో 26 ఏళ్ళవారున్నారు, 57 ఏళ్ళవారూ ఉన్నారు. ఇంత తేడా ఉన్నవాళ్ళు కలిసి ఎలా వెళ్తారని ఇతర శాఖల మిత్రులు అడుగుతుంటారు. ఈ వ్యాసం వారి కోసం.

సైకిలు సంగతి

మౌంటెన్ బైకు చరిత్ర మరీ పాతదేమీ కాదు. 1976లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో కొందరు యువకులు లావు టైర్ల పాత సైకిళ్ళతో ఒక కొండ మీది నుంచి కిందికి పందేలు పెట్టుకున్నారు. దిగేసరికి వెనుక హబ్‌లోని బ్రేకు వేడెక్కి గ్రీజంతా కాలిపోయేది. ప్రతిసారీ విప్పి మళ్ళీ గ్రీజు నింపాల్సి వచ్చేది. అందుకే ఆ పందేనికి ‘రీప్యాక్’ అని పేరొచ్చింది. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి, 1996లో, అట్లాంటా ఒలింపిక్స్‌లో ఈ క్రీడకు చోటు దక్కింది.

కొత్తవారిని భయపెట్టేవి గేర్లు. లెక్క మాత్రం సులువే. ముందు 22 పళ్ళ చక్రం, వెనుక 32 పళ్ళ చక్రం మీద చైను ఉంటే, పెడలు ఒక చుట్టు తిప్పినప్పుడు సైకిలు సుమారు ఒకటిన్నర మీటరు కదులుతుంది. ముందు 42, వెనుక 11 అయితే అదే చుట్టుకు సుమారు 8 మీటర్లు పోతుంది. మొదటిది ఎక్కడానికి, రెండోది చదునైన రోడ్డుకు. ఎత్తు మొదలయ్యాక బలంగా తొక్కుతూ గేరు మారిస్తే చైను మీద భారం పడి జారిపోవచ్చు, తెగిపోవచ్చు కూడా. ఎత్తు కనబడగానే, కాలు తేలిగ్గా ఆడుతుండగానే గేరు మార్చుకోవాలి.

నేల సంగతి

ఛత్తీస్‌గఢ్ రైతులు నేలలను కన్హార్, మటాసి, డోర్సా, భాటా అని పేర్లు పెట్టి పిలుస్తారు. మెరకల మీద ఉండే ఎర్రని గులకనేల భాటా. మన మొరం నేలను పోలి ఉంటుంది. కొండదారుల్లో ఎక్కువగా తగిలేది ఇదే. దీని మీద చక్రం కింద గులకరాళ్ళు దొర్లుతాయి. టైర్లలో గాలి కొంచెం తగ్గించుకుంటే పట్టు పెరుగుతుంది.

దిగేటప్పుడు మరింత జాగ్రత్త కావాలి. సైకిలును ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. కానీ గులకనేల మీద దాన్ని ఒక్కసారిగా నొక్కితే చక్రం పక్కకు జారుతుంది, లేదా మనిషి హ్యాండిల్ మీదుగా ముందుకు పడతాడు. రెండు బ్రేకులనూ మెల్లగా, కలిపి వాడాలి. మలుపు రాకముందే వేగం తగ్గించుకోవాలి కానీ మలుపులో కాదు. ఒళ్ళు కాస్త సీటు వెనక్కి జరపాలి. చూపు గుంత మీద కాకుండా, వెళ్ళాల్సిన దారి మీద ఉండాలి. ఇద్దరి మధ్య కనీసం 20 మీటర్ల ఎడం ఉంచుతాం. హెల్మెట్ లేనివారిని బయలుదేరనివ్వం.

బృందం సంగతి

మేం తరచుగా వెళ్ళేది గంగ్రేల్ ఆనకట్ట వైపు. రాయపూర్ నుంచి ధమ్తరి 80 కిలోమీటర్ల లోపే. మహానది మీద కట్టిన ఈ జలాశయానికి రవిశంకర్ సాగర్ అని మరో పేరు. సైకిళ్ళను వ్యానులో అక్కడిదాకా తీసుకువెళ్ళి, జలాశయం చుట్టుపక్కల ఎత్తుపల్లాల దారుల్లో తొక్కుతాం. అటవీశాఖ అనుమతించిన దారులు దాటం. ఏనుగులు తిరుగుతున్నాయని వారు హెచ్చరించిన రోజున ఆ వైపే పోం.

దారి తెలిసినవారు ముందు ఉంటారు. పంపు, పంచరు సామాను, మందుల డబ్బాతో అనుభవజ్ఞులు ఒకరు చివర ఉంటారు. ఆయనకంటే వెనుక ఎవరూ ఉండకూడదు. చీలిక వచ్చిన ప్రతిచోటా అందరూ ఆగాలి.

ఇక్కడే చాలా బృందాలు ఒక విషయం గమనించవు. వేగంగా తొక్కేవాళ్ళు ముందే చేరుకుని పది నిమిషాలు సేద తీరుతారు. చివరి మనిషి రొప్పుతూ రాగానే ‘అందరూ వచ్చేశారు, పదండి’ అంటారు. అంటే ఎక్కువ అలసిన మనిషికే విశ్రాంతి దొరకదు. రెండు మూడు ఎత్తులు గడిచేసరికి ఆ మనిషి చతికిలబడతాడు. అందుకని చివరి మనిషి వచ్చి నీళ్ళు తాగి, ఊపిరి కుదుటపడి, తానే ‘వెళ్దాం’ అన్నాకే మేం కదులుతాం. ఎక్కేటప్పుడు పక్కవాడితో మాట్లాడగలిగేంత వేగమే సరైన వేగం. మాట రావడం లేదంటే దిగి నడవాలి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

గత జనవరిలో 24 కిలోమీటర్ల చుట్టు పూర్తి చేద్దామని బయలుదేరాం. మూడేళ్ళలో పదవీ విరమణ చేయబోయే మా పెద్దాయన ఒకరు అప్పుడే కొత్తగా చేరారు. చక్కెర వ్యాధి ఉంది. వ్యాయామం చేయమని డాక్టరు చెప్పారు. మూడో ఎత్తు దగ్గర సైకిలు దిగి బండ మీద కూర్చున్నారు. ‘మీరు వెళ్ళండయ్యా, నా కోసం మీ ఆదివారం పాడుచేసుకోవద్దు’ అన్నారు. మాలో అందరికంటే చిన్నవాడు ఆయన పక్కనే కూర్చుని, ‘మీరు లేచాకే సార్, మేమూ లేస్తాం’ అన్నాడు. ఆయనకు బిస్కెట్లు, అరటిపండు ఇచ్చాం. వణుకూ చెమటా లేవని చూసుకున్నాం. ముందే అనుకున్న తిరుగు సమయం పదిన్నర. అది కావడంతో చుట్టు పూర్తి కాకుండానే అందరం వెనక్కి తిరిగాం. ధమ్తరిలో వేడివేడి చీలాలు తిన్నాం. బియ్యప్పిండితో పోసే ఇక్కడి అట్లు అవి. పెద్దాయన ఆ తర్వాత ఒక్క ఆదివారమూ మానలేదు. ఆ రోజు ఆయన్ని బండ మీద వదిలేసి వెళ్ళి ఉంటే మళ్ళీ వచ్చేవారు కారని నా నమ్మకం.

మనకిది కొత్త పాఠమేమీ కాదు. స్వయం సహాయక బృందాలకు అప్పులిచ్చేటప్పుడు మనం చూసేది బాగా సంపాదించే సభ్యురాలిని కాదు. ఇబ్బందిలో ఉన్న సభ్యురాలిని మిగతావారు ఎలా నిలబెడుతున్నారన్నదే చూస్తాం.

మొదలుపెట్టాలనుకునేవారికి

పెద్దలు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజంతా కుర్చీలో గడిపే మనకు అది మరీ అవసరం. ఖరీదైన సైకిలుతో మొదలుపెట్టనక్కర్లేదు. గేర్లు, బ్రేకులు సరిగ్గా పనిచేసే సైకిలు చాలు. గుండెజబ్బు, రక్తపోటు, చక్కెర ఉన్నవారు డాక్టరును అడిగి మొదలుపెట్టండి. నెల రోజులు చదును రోడ్డు మీద తొక్కాకే కొండవైపు రండి. గంటకు కనీసం అర లీటరు చొప్పున నీళ్ళు వెంట తెచ్చుకోండి. అన్నిటికంటే ముందు, మీ శాఖలో నెమ్మదిగా తొక్కేవారు ఎవరో కనుక్కుని, దూరం ఎంతో వారినే నిర్ణయించమనండి.